గోడమీది అక్క

"నీకేమమ్మా, సవతి పోరు లేని కాపురం" అని సంతానలక్ష్మితో ఎవరైనా అన్నారా, ఇక వాళ్ల పని అయినట్టే. బతికున్న సవతి అయితే ఎదురుపడి నాలుగు మాటలతో కడిగేయొచ్చు. మరీ ఒళ్లు మండితే కొప్పు పట్టుకుని ఈడ్వొచ్చు. చచ్చిపోయి, అద్దం బిగించుకుని, గోడెక్కి కూర్చున్నదాన్ని ఏం చేస్తారు చెప్పండి? దానికి జబ్బు రాదు. అది కూర మాడ్చదు, మొగుడికి ఎదురు చెప్పదు, అత్త చేత ఒక్క మాట పడదు. కోవిల్‌పట్టిలో ఎనిమిదేళ్ల పాటు సంతానలక్ష్మి అలాంటిదానితో కాపురం చేసింది.

ఆమె పుట్టింది నాగలాపురంలో. నల్లరేగడి చేలు, వాన పడితే బురద, పడకపోతే బీటలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ పక్క రైతు కుటుంబాలన్నీ అంతే. పత్తి ఏరడంలోనూ మాట విసరడంలోనూ ఆ పిల్లకు సాటి లేదని ఊళ్లో పేరు. పందొమ్మిది వందల ఇరవై ఏడులో, ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండాక, ఒక రెండో సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తిరుమలసామి, కోవిల్‌పట్టి పత్తి మిల్లులో పని. మొదటి భార్య జానకియమ్మాళ్‌ది విరుదునగరం. అతని సొంతూరు ఒట్టపిడారంలో అతనితో ఏడాది కూడా కాపురం చేయకుండానే వాంతిభేది తగిలి పోయింది. ఆ తరవాత అతను చుట్టాలతో పొలం తగువు పెట్టుకుని, ఒట్టపిడారం ముఖం మళ్లీ చూడకుండా, తల్లిని వెంటబెట్టుకుని కోవిల్‌పట్టి చేరాడు. "మనిషి మెత్తన, తాగడు, చెయ్యి చేసుకోడు" అని సంబంధం తెచ్చినవాళ్లు చెప్పారు. అదంతా నిజమే. వాళ్లు చెప్పనిది ఒక్కటే, రెండో భార్యగా వెళ్లడమంటే మొదటిదానికి చెల్లెలుగా చేరడమని.

మూడు ముళ్లు పడిన రోజే తాళి పక్కన ఒక చిన్న బంగారు బిళ్ళ కట్టారు. అది అక్క పేరు మీద. కొత్త చీర కొంటే అక్క ముందు పీట మీద ఒక పూట పెట్టి, ఆ తరవాతే ఒంటికి చుట్టుకోవాలి. శుక్రవారం తలస్నానం చేసి అక్కకు పువ్వూ కుంకుమా పెట్టనిదే మంచినీళ్లు ముట్టకూడదు. ఈ చట్టమంతా అత్తది. అత్తకు రెండు కళ్లకూ పొరలు కమ్మి ఎదుటి మనిషి నీడలాగే కనిపించేది గానీ, ఆకలికి తాళలేక కోడలు అరటిపండు తొక్క తీస్తే మాత్రం ఆ చప్పుడు వీధి అరుగు మీదికి వినిపించేది.

"అక్కకు పెడితివా?"

"పెడితిని అత్తా."

"మనసారా పెడితివా?"

మనసారా! ఆ మాట వింటే సంతానలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కేది.

అయినా మొదట్లో కొన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది. అప్పటికి గోడ మీద పటం లేదు. పసుపు పూసిన టెంకాయ ఒకటి, దాని కింద మడతపెట్టిన చీర, అంతే. టెంకాయను చూసి ఎవరు కుళ్లుకుంటారు? అసలు తంటా తిరుమలసామి చేతిలో ఉన్న విద్య వల్ల వచ్చింది.

మిల్లులో అతని పని పత్తి బేళ్ల మీద గుర్తులూ నంబర్లూ రాయడం. డబ్బా నిండా చిక్కటి నల్ల సిరా. సాయంత్రం పని ముగిశాక అడుగున మిగిలిన సిరాను చిన్న సీసాలోకి ఒంపుకుని, వెదురుపుల్ల చెక్కి, ఎదుట ఎవరుంటే వాళ్లను గీసేవాడు. తూకం వేసే మనిషిని, బండి తోలుకొచ్చిన రైతును, దూది దుమ్ము కొట్టుకుపోయిన ఆడకూలీలను. రంగుల్లేవు, నీడల్లేవు. నాలుగు గీతలు అటు, నాలుగు గీతలు ఇటు, అంతలోనే మనిషి వచ్చి కాయితంలో కూర్చునేవాడు. వెళ్ళైయమ్మాళ్ అనే కూలిమనిషి తన బొమ్మను చేతికి తీసుకుని, "అయ్యో పాపం, ఈమెకు నడుము నొప్పి ఉండాదే" అందట. నిజంగానే ఆమెకు నడుము నొప్పి. ఆ వంపు గీత చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఎవరి బొమ్మ వాళ్లకే ఇచ్చేసేవాడు, ఒక్కటీ దాచుకునేవాడు కాదు.

మొగుడికి ఇంత విద్య ఉందని సంతానలక్ష్మి పొంగిపోయింది. తననూ గీస్తాడని కాచుకుంది. అత్త కాచుకోలేదు, నోరు తెరిచి అడిగేసింది.

"ఊర్లో వాండ్లనంతా గీస్తావు. నా పెద్దకోడల్ని గీయవా? నేను టెంకాయకా మొక్కేది?"

"సరిమ్మా" అనేవాడు తిరుమలసామి. సెలవు రోజున అరుగు మీద కూర్చుని గీసేవాడు, చూసుకునేవాడు, చించేవాడు. చించిన ముక్కలు తెచ్చి పొయ్యిలో వేసేవాడు. గుమ్మంలో కూర్చుని సజ్జలు చెరుగుతూ సంతానలక్ష్మి ఇదంతా ఓరకంట చూసేది. ఇంత సేపు తలుచుకుంటున్నాడే అని అప్పుడే ఆమెకు గుండెలో ముల్లు దిగింది. కొన్ని వారాలు అలా గడిచాక ఒక శుక్రవారం పొద్దున బజారులో అద్దం కట్టించిన పటం ఒకటి తెచ్చి, తనే మేకు కొట్టి తగిలించి, సంకటి కూడా తినకుండా మిల్లుకు వెళ్లిపోయాడు.

సంతానలక్ష్మి దగ్గరికి వెళ్లి చూసింది. ముఖం నేరుగా లేదు. వీధిలో ఎవరో పిలిస్తే తిరిగినట్టు ఒక పక్కకు తిరిగి ఉంది. చెంప, ముక్కు, సగం వాల్చిన రెప్ప, చెవి పక్కన జారిన నాలుగు వెంట్రుకలు. చెవి కింద పుల్ల జారి పడినట్టు ఒక చిన్న గీత. పెదవి చూస్తే ఇప్పుడే ఏదో పెడసరం మాట అనబోతున్నట్టుంది. అప్సరస ఏమీ కాదు. కానీ గీసినవాడు ఆ ముఖాన్ని ఎంత దగ్గరగా చూశాడో, ఎంత ఇష్టంగా చూశాడో గీతగీతకూ తెలిసిపోతోంది. సంతానలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చచ్చి రెండేళ్లయినా మరిచిపోలేదే! నా చేతి కూడు తింటూ దీన్నే తలుచుకున్నాడే! నన్ను ఒక్క నాడైనా ఇట్లా చూశాడా?

ఆ రోజు నుంచి మొదలైంది ఆమె సవతి పోరు. శుక్రవారం కుంకుమ పెట్టేటప్పుడు బొటనవేలితో అద్దం పగిలేటట్టు అదిమి పెట్టేది. పూలదండ సరిగ్గా ఆ కన్ను మూసుకుపోయేలా వేసేది. గాలికి దండ పక్కకు జరిగి కన్ను బయటపడితే, "ఏమి చూస్తావే" అని పళ్లు నూరేది. ఆ పూజ చేసేంతసేపూ తిరుమలసామి ఇంట్లో ఉండేవాడు కాదు. ఉన్నా ముఖం తిప్పుకునేవాడు. "ముందు నువ్వు పెట్టుకో కుంకుమ, తరవాత పటానికి పెట్టు" అని మాత్రం ప్రతి వారం మరవకుండా చెప్పేవాడు. చూడలేడు పాపం, కరిగిపోతాడు, నన్ను ఊరుకోబెట్టడానికి ఈ తీపి మాట ఒకటి, అనుకునేది సంతానలక్ష్మి.

పక్కింటి కాళియమ్మ ఒకనాడు మజ్జిగ కోసం వచ్చి పటం చూసింది. మనిషిని చూసింది. మళ్లీ పటం చూసింది.

"ఏమే సంతానం, అక్కాచెల్లెండ్ల మాదిరే ఉండారే మీరిద్దరూ! నీ మొగుడు వెతికి వెతికి చేసుకున్నాడమ్మా."

మజ్జిగ లేదు, పొమ్మంది సంతానలక్ష్మి. తలుపు వేసుకుని అరచేతి అద్దం తీసి చూసుకుంది. ఎదురుగా వెడల్పు నుదురు, రెండు కళ్లు, తెలిసిన ముఖమే. పోలిక ఏమీ కనబడలేదు. ఆ అద్దంలో ఎదురు ముఖం తప్ప పక్క ముఖం ఎవరికి కనబడుతుంది? కానీ మాట గుచ్చుకుపోయింది. అదన్నమాట సంగతి! చిరిగిన చీరకు అదే రంగు గుడ్డ వెతికి మాటు వేసుకున్నట్టు, దాని పోలిక ఉందని నన్ను తెచ్చుకున్నాడు. నాలో నన్ను ఏనాడూ చూడలేదు. అప్పటినుంచి ఆమె తలకు ఆముదం పట్టించి, చెవి పక్కన ఒక్క వెంట్రుక కూడా జారకుండా జుట్టు లాగి కట్టడం మొదలుపెట్టింది. నుదుటి నరాలు పీకుతున్నా సరే, దానిలా మాత్రం కనబడకూడదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"మామా, నన్నొక మాటు గీయరాదా?"

తిరుమలసామి ఉలిక్కిపడ్డాడు. "నిన్నా? వద్దు."

"ఏల వద్దు? వెళ్ళైయమ్మాళ్‌ను గీస్తిరి. మిల్లు కావలివాణ్ణి గీస్తిరి. వాడి కుక్కను గీస్తిరి. నేను కుక్కకన్నా తక్కువనా?"

"అడగొద్దు సంతానం. ఎవర్ని గీయమన్నా గీస్తాను. నిన్ను మాత్రం గీయను."

అతను లేచి వెళ్లిపోయాడు. ఇంకేం రుజువు కావాలి? ఆ చేత్తో దాన్ని గీశాడు కాబట్టి ఇంకొక పెండ్లాన్ని గీయడు. ఆమె రెండు పూటలు అన్నం తినలేదు. ఎవరూ బతిమాలకపోతే మూడో పూట తనే వడ్డించుకుని తింది.

ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజున అత్త ఎవర్నీ అడగలేదు. పెద్దదాని పేరే పెట్టాలి, అది ఆనవాయితీ అని, పిల్ల చెవిలో మూడుసార్లు "జానకీ" అంది. సొంత కడుపున పుట్టిన పిల్లకు కూడా ఆ పేరే! సంతానలక్ష్మి పిల్లను ఎప్పుడూ "పాపా" అనే పిలిచింది. అత్త అరుగు మీద నుంచి "జానకీ" అని కేకేస్తే, పిల్ల "ఓ" అంటూ పరుగెత్తితే, తల్లి చేతిలోని గరిటె నేల మీద పడేది.

ఇలా ఏళ్లు గడిచి ముప్పై అయిదో సంవత్సరం వచ్చింది. ఎండలు ముదిరే పంగుని నెలలో విరుదునగరం నుంచి ఒక చుట్టం మాట మోసుకొచ్చాడు. జానకియమ్మాళ్ తల్లి మీనాక్షియమ్మాళ్ మంచం పట్టి లేచిందట. ఏడాది తిరక్కుండా రెండో పెళ్లి మాట ఎత్తారని అలిగి, ఇన్నాళ్లూ ఈ గడప తొక్కని మనిషి ఆమె. ఇప్పుడు కబురు చేసింది: అల్లుడు నా బిడ్డను బతికున్నట్టే గీసి పెట్టుకున్నాడని విన్నాను, కళ్లు మూసే లోపల ఆ పటం ఒక్కసారి చూపిస్తారా అని.

"ఇవ్వొద్దు" అన్నాడు తిరుమలసామి. "పటం ఈ ఇల్లు దాటకూడదు."

"కన్నతల్లి అడగతాది మామా!"

"ఎవరడిగినా సరే. నేను చచ్చినాక తీసుకుపోనీ."

అతను అంత గట్టిగా మాట్లాడడం ఇంట్లో ఎవరూ విని ఎరగరు. సంతానలక్ష్మికి ఒళ్లు భగ్గుమంది. కన్నతల్లికి కూడా చూపించడట! అంత ముద్దు! ఆ కోపంలోనే ఆమెకు ఒక చక్కటి ఆలోచన వచ్చింది. పటం తీసుకెళ్లి తల్లి చేతిలో పెట్టి, అక్కడే వదిలేసి వస్తే? తల్లికంటే హక్కున్నవాళ్లు ఎవరు? ధర్మానికి ధర్మం, పీడ విరగడ. మర్నాడు అతను మిల్లుకు వెళ్లగానే ఆమె పటాన్ని మేకు నుంచి దించి పాత చీరలో చుట్టింది. పిల్లను అత్తకు అప్పగించి, కాళియమ్మకు మాత్రం ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పి, స్టేషనుకు నడిచింది.

రైలు నిండా విరుదునగరం మారియమ్మ పొంగలి జాతరకు వెళ్లే జనం. సాత్తూరులో దోసకాయలు అమ్మేవాళ్లు కిటికీల దగ్గరికి వచ్చారు. ఆమె ఒకటి కొనుక్కుని, ఒళ్లో పటాన్ని బోర్లా పెట్టుకుని, కరకర నమిలింది. ఎనిమిదేళ్లలో అంత రుచిగా ఆమె ఏదీ తినలేదు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్తే గోడ మీద ఒట్టి మేకే ఉంటుంది. అతను అరుస్తాడు, అరవనీ. పటం లేకపోతే ఇక చూడడానికి నేనేగా మిగిలేది అనుకుంది.

మీనాక్షియమ్మాళ్ ఇల్లు మిరపకాయల మండీల వెనక సందులో ఉంది. ఆ సందులోకి అడుగు పెట్టగానే ముక్కు, కళ్లు ఏకమై కారాయి. ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎముకలకు తోలు కప్పినట్టు మనిషి. ఎవరు వచ్చిందీ చెప్పగానే గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"వస్తివా బిడ్డా. నా జానకి పోయిన చోటికి వచ్చినదానివి. నువ్వూ నా బిడ్డవే" అని గడ్డం పట్టుకుంది. సంతానలక్ష్మి బిగుసుకుపోయి నిలబడింది. ఇక్కడ కూడా దాని చోటేనా నాది అనుకుంది.

"ఇదిగో పటం. మీ దగ్గరే పెట్టుకోండమ్మా. కన్నవాండ్లకు లేనిది మాకెందుకు?"

ముసలమ్మ వెంటనే తీసుకోలేదు. లోపలికి వెళ్లి కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుని, నుదుట విభూతి పెట్టుకుని వచ్చి కూర్చుంది. అప్పుడు ఒళ్లోకి తీసుకుని చీర మడతలు విప్పింది. "నేను ఒట్టపిడారం చేరేసరికి అంతా అయిపోయుండె బిడ్డా" అంది. "వాంతిభేది అని ఎవరికీ చూపకుండా ఎత్తుకుపోయిరి. ముఖం చూడనీలేదు. ఇన్నాళ్లకు చూస్తాండా."

చూసింది. ఎండ వైపు తిప్పి చూసింది. కొంగుతో అద్దం తుడిచి చూసింది. ఏడుస్తుందని సంతానలక్ష్మి కాచుకుంది. ఏడవలేదు. "ఎవరిదమ్మా ఇది?" అంది.

"అక్కదే."

ముసలమ్మ ఏదో అనబోయింది. అంతలో సందులోకి మిరపకాయల బస్తాల బండి వచ్చింది. ఘాటుకు సంతానలక్ష్మికి తుమ్ము వచ్చి వీధి వైపు ముఖం తిప్పింది. నడిచి నడిచి, చెమటకు ఆముదమంతా కారి, చెవి పక్కన వెంట్రుకలు జారి ఉన్నాయి.

"అట్లే ఉండు. కదలొద్దు" అంది ముసలమ్మ. పటం ఎత్తి ఆమె చెంప పక్కన పెట్టి చూసింది. "ఇది నువ్వు గదమ్మా."

"అందరూ అంటారు పోలిక ఉండాదని."

"పోలిక లేదు, ఏమీ లేదు! నా బిడ్డది గుండ్రం ముఖం, బుడ్డ ముక్కు. నేను కన్నదాన్ని, నాకు తెలీదా? ఇదేమి?" అని ముసలమ్మ వేలు తెచ్చి ఆమె చెవి కింద పెట్టింది.

"చిన్నప్పుడు పత్తి చేలో పడితిని. మోడు గుచ్చుకుండె" అంటూనే సంతానలక్ష్మి ఆగిపోయింది. తన వేలితో తడుముకుంది. చర్మం మీద సన్నగా ఎత్తుగా ఉంది మచ్చ. పటంలో చెవి కింద చిన్న గీత. పుల్ల జారిందనుకుంది ఎనిమిదేళ్లూ.

మొదట ఆమెకు వచ్చింది సంతోషం. అబద్ధమెందుకు, ఆ సందులో గంతులు వేయాలన్నంత సంతోషం. సజ్జలు చెరుగుతూ గుమ్మంలో కూర్చున్నది తను. అరుగు మీద సిరా సీసాతో కూర్చున్నది అతను. అంత దగ్గరగా, అంత ఇష్టంగా అతను చూసింది తననే! ఎవరి కంటి మీద దండ వేసి కప్పానో అది నా కన్నే! ఆ వెనకనే ఒళ్లు గగుర్పొడిచింది. బతికుండగానే తన బొమ్మకు తను దండ వేసుకుంది. చచ్చినదానికి పెట్టినట్టు ప్రతి శుక్రవారం కుంకుమ పెట్టుకుంది. అందుకా అతను ముఖం తిప్పుకునేది, ముందు నువ్వు పెట్టుకోమనేది? అందుకా నన్ను ఇంకోసారి గీయనన్నది? రెండు బొమ్మలు పక్కపక్కన పడితే గుడ్డిదైన అత్త తప్ప లోకమంతా పట్టేస్తుంది. ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె అరుగు అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

"అట్లయితే నా బిడ్డ యాడ?" అంది ముసలమ్మ.

సంతానలక్ష్మి తలెత్తింది. ముసలమ్మ పటాన్ని ఒళ్లోంచి పక్కన పెట్టేసింది. రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో పడి ఉన్నాయి. "ఈ పటం ఉండాదని విని ఉసురు పట్టుకుని ఉంటిని" అంది, అంతే. ఆ మాటకు సంతానలక్ష్మి సంతోషం సగంలోనే ఆగిపోయింది.

అప్పుడే సందు మొదట్లో తిరుమలసామి కనిపించాడు. కాళియమ్మ నోట మాట నిలుస్తుందా? మిల్లు దాకా వెళ్లి చెప్పేసింది. విన్నవాడు విన్నట్టే తరవాతి రైలు ఎక్కేశాడు. మోచేతుల దాకా మిల్లు సిరా. పరుగెత్తుకుంటూ వచ్చినవాడు ఇద్దరు ఆడవాళ్ల ముఖాలూ చూసి ఆగిపోయాడు. అతనితో పదేళ్లుగా మాట్లాడని ముసలమ్మ తనే పలకరించింది.

"అల్లుడా, నా బిడ్డ ముఖం నీకు ఎట్లా గుర్తుండాది? నోటితోనైనా చెప్పు, వింటాను."

తిరుమలసామి తల వంచుకున్నాడు. "తెలీదు అత్తా" అన్నాడు. "ఒట్టపిడారంలో ఇంటి నిండా జనం. పెద్దవాండ్ల ముందు ఆమె తలెత్తేది లేదు, నేను చూసేది లేదు. దీపం ఆరినాక ముఖం యాడ కనబడతాది? అమ్మ పోరు పడలేక గీయాలని కూర్చుంటిని. ఎన్ని మాట్లు గీసినా రాలేదు. తలెత్తితే గుమ్మంలో ఇది కూర్చోనుండె. చెయ్యి దాన్నే గీసె. అమ్మకు కండ్లు లేవు, ఎవరికి తెలస్తాదిలే అనుకుంటిని."

కోపం వచ్చింది సంతానలక్ష్మికి. గెలిచింది తను, పండగ చేసుకోవాల్సిందీ తనే, అయినా కోపమే. ఏడాది పక్కన పడుకున్న ఆడదాని ముఖం గుర్తు లేదా? రేపు నేను పోతే నా గతీ ఇంతేనా? ఇంకెవత్తెనో చూసి గీసి, నా పేరు చెప్పి గోడకు కొడతాడా? ఆ కోపం సగం తన తరఫున, సగం ఆ చచ్చినదాని తరఫున వచ్చిందని తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"సిరా సీసా ఉండాదా?" అంది మొగుడితో.

"ఉండాది."

"కూర్చోండి. ఆమె చెప్తాది, మీరు గీయండి. వచ్చేదాకా లేచేది లేదు."

మండీలో పొట్లాలు కట్టే కాయితాలు అడిగి తెచ్చింది. మీనాక్షియమ్మాళ్ చెప్పడం మొదలుపెట్టింది. గుండ్రం ముఖం. నుదుటి మీద అమ్మవారు పోసిన గుంటలు రెండు. పైపండ్లు రెండు ఎత్తు, పెదవికి అడ్డం వచ్చేవి, అందుకే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అతను గీశాడు. "ఇది మా చెల్లెలి మాదిరి ఉండాది" అంది ముసలమ్మ. ఇంకొకటి. "బుగ్గలు ఇంకా నిండుగా." ఇంకొకటి. అతను ముసలమ్మ దవడను, నుదుటిని, కంటి కొసలను పట్టి పట్టి చూస్తున్నాడు. ఆ ముడతల వెనక ఎక్కడో ఉన్న పిల్లను వెతుకుతున్నాడు. చుట్టూ ఉన్న లోకం అతనికి లేదు. పక్కనే కూర్చున్న పెండ్లాం కూడా లేదు.

సంతానలక్ష్మికి మళ్లీ మండింది. ఎనిమిదేళ్లు తన బొమ్మనే చూసి కాలిన కడుపు ఇప్పుడు నిజంగా కాలింది. తనే కూర్చోబెట్టింది, తనే కాయితాలు తెచ్చింది, లేచి వెళ్దామంటే మాత్రం మనసొప్పలేదు. నీడలు అరుగు దిగే వేళకు ముసలమ్మ చేయి చాచి అతని మణికట్టు పట్టుకుంది. "చాలు. ఇంక తాకొద్దు" అంది. కాయితం తీసుకుని, చాలా సేపు చూసి, "జానకీ" అంది. వీధిలో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు అంది.

తిరుమలసామి కూడా వంగి చూశాడు. "అవును" అన్నాడు. "నవ్వితే ఇట్లే చెయ్యి అడ్డం పెట్టుకునేది. నీళ్ల బిందె దించేటప్పుడు ఒక మాటు చూస్తిని." అతని కళ్లు నిండిపోయాయి.

ఆ కళ్లు చూడగానే సంతానలక్ష్మి చేతిలోకి కాయితం లాక్కుంది. చూద్దాం దీని సంగతేమిటో, ఇన్నాళ్లకు ముఖం దొరికింది అనుకుంది. పాలబుగ్గలు. పెదవి మీదికి వచ్చిన రెండు పళ్లు. వాటిని దాచుకోవడానికి సగం లేచిన చెయ్యి. సిగ్గు.

"ఎన్నేండ్లమ్మా అప్పటికి?" అంది.

"పదేడు నిండలేదు."

సంతానలక్ష్మికి ఇరవై ఆరు. ఇంట్లో పాప ఇంకొక పదేళ్లకు ఇలాగే ఉంటుంది. ఈ పిల్లనా అక్కా అక్కా అని తిట్టుకుంది? ఈ పిల్లకా కొత్త చీర ముందు చూపించాల్సి వస్తోందని ఏడ్చింది? లోపల రగులుతున్నది ఎవరి మీదికి పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగింది. ఆ ముఖంలో అసూయ పడడానికి ఏమీ లేదు. జాలి పడడానికి కూడా పొగరు అడ్డం వచ్చి ఆమె గట్టిగా ముక్కు చీదింది, మిరపకాయల మీద నెపం పెట్టి.

మీనాక్షియమ్మాళ్ పాత పటం తీసి, దాని అద్దం మీద ఇంకా మరకగా మిగిలిన కుంకుమను తడి కొంగుతో రుద్ది తుడిచింది. "బతికుండే బిడ్డకు ఇదేల? పెట్టెలో పెట్టుకో, గోడకు పెట్టొద్దు" అని సంతానలక్ష్మి చేతికిచ్చింది.

"రండి, రైలుబండికి పొద్దుపోతాది" అన్నాడు తిరుమలసామి.

"పోనీ. ఆ బొమ్మ ఈమెది. మన గోడకు ఇంకొకటి గీయండి."

అతను నమ్మలేనట్టు చూశాడు. అయినా కాయితం తీసుకుని కూర్చున్నాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. బుగ్గ వచ్చింది, నుదురు వచ్చింది. పెదవి దగ్గరికి వచ్చేసరికి, పాపం అనిపించిందో ఏమో, కొంచెం మూసినట్టు గీయబోయాడు. సంతానలక్ష్మి టక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"పండ్లు దాచొద్దు. ఉండేది ఉండినట్టు గీయండి. ఈ మాటు మరిచిపోతే నేను ఊరుకోను."